నీళ్ళు కనపడని కోట

"అమెరికాకి చరిత్రేముంది గురూ, మా ఊరి గుడిమెట్లు ఈ దేశం కంటే పాతవి" అనే మాట మన దేశీ పార్టీల్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కాలిఫోర్నియా ఈశాన్య మూల ఉన్న ఒక నల్లరాళ్ళ బీడు గుర్తొస్తుంది. దాని పేరు లావా బెడ్స్. 1872-73 చలికాలంలో ఆ రాళ్ళ మధ్య యాభై అరవై మంది మోడాక్ తెగ యోధులు, వాళ్ళ భార్యాపిల్లలు కలిపి నూట యాభై మంది, అమెరికా సైన్యాన్ని దాదాపు అయిదు నెలలు నిలబెట్టేశారు. ఆ యుద్ధం గురించి చదివినవాళ్ళు అందరూ రాళ్ళ గురించే మాట్లాడతారు. అది నీళ్ళ కథ అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ చోటు సంగతి. బే ఏరియా నుంచి 5 పట్టుకుని ఉత్తరానికి పోయి, వీడ్ దగ్గర 97 ఎక్కి, ఒరెగాన్ సరిహద్దు దాకా వెళ్ళాలి. కార్లో అయితే ఆరేడు గంటలు, ఆర్‌వీ తో అయితే ఇంకో గంటో గంటన్నరో కలుపుకోండి (కొండ ఎక్కేటప్పుడు వెనకాల లారీవాళ్ళు తిట్టుకోవడం అదనం). ఎడారి అంటే మనకి రాజస్థాన్ ఇసుకదిబ్బలు గుర్తొస్తాయి కానీ ఇది అలాంటిది కాదు. నాలుగయిదు వేల అడుగుల ఎత్తున ఉన్న మెట్ట. సేజ్ బ్రష్ పొదలు, అక్కడక్కడా జూనిపర్ చెట్లు, చలికాలంలో మంచు. ఏడాదంతా కలిపి పదిహేను అంగుళాల నీళ్ళు పడితే గొప్ప, అంటే మన అనంతపురం కంటే తక్కువ. 2020లో, 2021లో వరసగా వచ్చిన పెద్ద మంటల్లో చాలా భాగం కాలిపోయింది. మసిబారిన జూనిపర్ మొద్దులు నల్లరాతి మీద నిలబడి ఉంటే ఏది చెట్టో ఏది రాయో దగ్గరికెళ్తే గానీ తెలియదు.

ఈ రాయంతా మెడిసిన్ లేక్ అనే అగ్నిపర్వతం కక్కింది. ఫోటోల్లో చూసే శంఖం ఆకారం కాదు దీనిది. బోర్లించిన డాలులాగా వెడల్పుగా, నిదానంగా ఎత్తు పెరుగుతూ పోతుంది. ఆర్‌వీ లో దాని మీద వెళ్తూ కూడా "అగ్నిపర్వతం ఎక్కడ?" అని అడిగినవాడు మా బ్యాచ్ లో ఉన్నాడు. సుమారు ముప్పై వేల ఏళ్ళ కిందట పారిన లావా, పైన గట్టిపడి లోపల ద్రవంగానే పారుతూ, ఖాళీ అయిన చోటల్లా సొరంగాలు వదిలిపెట్టింది. అలాంటివి ఏడెనిమిది వందలున్నాయి. ఆదిలాబాద్ నల్లరేగడి కింద ఉన్నదీ, రాజమండ్రి దగ్గర గోదావరి పక్క క్వారీల్లో బయటపడేదీ ఇదే జాతి నల్లరాయి. కాకపోతే మనది ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది కాబట్టి పైపైన మట్టయి పత్తి పండిస్తోంది. ఇక్కడి రాయికి ఇంకా మట్టయ్యే తీరిక దొరకలేదు. చెయ్యి జారితే చర్మం లేస్తుంది. 1873లో సైనికుల బూట్లు రోజుల్లో చిరిగి పేలికలైపోయాయని రాశారు. ఆ బాటలో ఒక మైలు నడిచాక నేనది నమ్మాను.

ఈ మాన్యుమెంట్ లోపల ఒక్క ఏరు లేదు, వాగు లేదు, చెరువు లేదు. పడ్డ చినుకు పడ్డట్టే రాతి పగుళ్ళలోకి దిగిపోతుంది. ఎప్పటివో ఐసు ముక్కలు కొన్ని సొరంగాల అడుగున మిగిలున్నాయి, అంతే.

మేం అయిదుగురం లాంగ్ వీకెండ్ కి అద్దె ఆర్‌వీ వేసుకుని వెళ్ళాం. మాన్యుమెంట్ లో ఉన్న క్యాంప్ గ్రౌండ్ లో హుకప్ లు లేవు, అంటే కరెంటు తీగా, నీళ్ళ పైపూ, డ్రైనేజీ కనెక్షనూ ఏవీ ఉండవు. మేం ఇంకో అడుగు ముందుకేసి, దక్షిణాన ఆనుకుని ఉన్న మోడాక్ నేషనల్ ఫారెస్ట్ లో ఒక మట్టిరోడ్డు పక్కన బండి నిలిపాం. ఇక్కడివాళ్ళు దీన్ని బూన్‌డాకింగ్ అంటారు. కరెంటు గురించి అందరూ భయపడతారు గానీ అది పెద్ద విషయం కాదు. ఫోన్ సిగ్నల్ లేకపోతే లాప్‌టాప్ కి పనేముంది? బండి మీద సోలార్ ప్యానెల్, కింద బ్యాటరీ, సాయంత్రం ఒక గంట జనరేటర్. సరిపోతుంది. అసలు లెక్క నీళ్ళది. మా ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. అయిదుగురు, మూడు రోజులు. మనిషికి రోజుకి పది లీటర్లు. వంట, అంట్లు, స్నానం, అన్నిటికీ కలిపి. పైగా మనకి చెంబు లేనిదే గడవదు కదా! మొదటిరోజే స్నానాలు రద్దయ్యాయి. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోమడం, పప్పు చారు బదులు పొడికూరలు, ఇలా రకరకాల ఆప్టిమైజేషన్లు. ట్యాంకు ఎంత ఉందో చూపించే మీటరుకి నాలుగే లైట్లు. ప్రొడక్షన్ సర్వర్ డిస్క్ నిండుతున్నప్పుడు చూసినంత శ్రద్ధగా చూశాం ఆ లైట్లని.

మర్నాడు స్ట్రాంగ్‌హోల్డ్ అనే చోటికి నడక. లోపలి చుట్టు అర మైలు, బయటి చుట్టు మైలున్నర. ఆ చిన్న ముక్కలోనే యుద్ధం జరిగింది. మనిషి లోతు పగుళ్ళు, సహజంగా తవ్విపెట్టినట్టు కందకాలు, వాటిని కలుపుతూ మోడాక్ లు పేర్చిన రాతి గోడలు. పై నుంచి చూస్తే బీడులాగే ఉంటుంది. దిగితే పద్మవ్యూహం. వాళ్ళ నాయకుడు కింట్‌పువాష్ (తెల్లవాళ్ళు పెట్టిన పేరు కెప్టెన్ జాక్) ఉన్న గుహ కూడా ఉంది. గుహ అనడమే గానీ కప్పు ఎప్పుడో కూలిపోయిన గొయ్యి అది. నాకు వచ్చిన మొదటి ప్రశ్న మాత్రం వేరు. అయిదు నెలలు, నూట యాభై మంది, పిల్లలు, కొన్ని పశువులు. తాగింది ఏమిటి? చుట్టూ కనుచూపు మేర చుక్క నీరు లేదే!

దీనికి జవాబు చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మోడాక్ లది లాస్ట్ రివర్, టూలీ లేక్ ఒడ్డు. లాస్ట్ రివర్ పేరుకి తగ్గట్టు సముద్రం చేరదు, టూలీ లేక్ లో కలిసి అక్కడే ఆగిపోతుంది. టూలీ అంటే మన తుంగ జాతి గడ్డి. దానితోనే ఇళ్ళు, చాపలు, బుట్టలు, పడవలు. చేపలు, పక్షులు, సరస్సు గడ్డలు. ఆ సరస్సు పక్కనించే 1846లో ఆపిల్‌గేట్ ట్రెయిల్ అనే వలస బాట వేశారు. బళ్ళు రావడం, గొడవలు మొదలు. 1852లో మోడాక్ లు వలస బళ్ళ మీద పడి చంపారు. అదే ఏడాది బెన్ రైట్ అనే అతను శాంతి మాటలకని పిలిచి నలభై మంది దాకా మోడాక్ లని చంపాడు. వైరీకా ఊళ్ళో అతనికి వీరుడిలాగా స్వాగతం దొరికింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1864లో ఒప్పందం. క్లామత్, మోడాక్, యహూస్కిన్ తెగలు కోట్ల ఎకరాలు వదులుకుని ఒరెగాన్ లోని క్లామత్ రిజర్వేషన్ కి పోవాలి. అది క్లామత్ ల సొంత నేల. మోడాక్ లు అక్కడ పరాయివాళ్ళు. కొట్టుకున్న కట్టెలు కూడా మావేనని పక్కవాళ్ళు లాక్కునేవారు, ఏజెంట్ పట్టించుకునేవాడు కాదు. అద్దెకున్నవాడికి ఓనరు మనుషులతో పడే బాధ మనకి తెలియనిది కాదు. కింట్‌పువాష్ తనవాళ్ళని తీసుకుని లాస్ట్ రివర్ కి వెనక్కి వచ్చేశాడు. 1869 చివర నచ్చజెప్పి తీసుకెళ్ళారు, 1870లో మళ్ళీ వచ్చేశాడు. వాళ్ళడిగింది ఒక్కటే, మా నది పక్కన మాకో చిన్న రిజర్వేషన్ ఇవ్వండి అని. అప్పటికే ఆ నేల మీద కన్నేసిన పశువుల రైతులు ఒప్పుకోలేదు.

1872 నవంబర్ 29 తెల్లవారుజామున నలభై మంది గుర్రపు సైనికులు ఊరి మీదకొచ్చి ఆయుధాలు కింద పెట్టమన్నారు. ఒక పిస్తోలు దగ్గర మాటా మాటా పెరిగి కాల్పులు. అవతలి ఒడ్డున ఉన్న మోడాక్ ల మీద స్థానిక రైతులు పడ్డారు. ఆ గుంపువాళ్ళు హుకర్ జిమ్ అనే అతని వెంట పారిపోతూ దారిలో పది మందికి పైగా సెటిలర్లని చంపారు. అందరూ కలిసింది లావా బెడ్స్ లో, టూలీ లేక్ దక్షిణపు ఒడ్డున.

అదీ జవాబు. స్ట్రాంగ్‌హోల్డ్ ఉత్తరపు అంచున అప్పుడు సరస్సు నీళ్ళు తగులుతుండేవి. రాళ్ళు కోట గోడ అయితే సరస్సు దాని బావి.

1873 జనవరి 17న సైన్యం మొదటి దాడి. మూడొందల పైచిలుకు సైనికులు, వలంటీర్లు. దట్టమైన మంచు. ఫిరంగులు పేలిస్తే తమవాళ్ళకే తగిలే పరిస్థితి. రోజంతా రాళ్ళ మధ్య పాక్కుంటూ, కనపడని మనుషుల తుపాకులకి పడిపోతూ సాయంత్రానికి వెనుదిరిగారు. సైన్యం వైపు ముప్పై మందికి పైగా చచ్చారో గాయపడ్డారో. మోడాక్ ల వైపు ఒక్కరూ పోలేదు. దేశమంతా పేపర్లలో మోగిపోయింది, లండన్ పత్రికల దాకా. ఫోటోగ్రాఫర్లొచ్చారు. వాళ్ళలో ఒకడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1878లో పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న ఫోటోలు తీసి సినిమాకి దారి వేసినవాడు ఇతనే. మోడాక్ యోధుడు అని అతను అమ్మిన ప్రసిద్ధ ఫోటోలో రాయి చాటునుంచి తుపాకీ గురిపెట్టిన మనిషి నిజానికి మోడాక్ కాదు. సైన్యం తరఫున వచ్చిన వార్మ్ స్ప్రింగ్స్ స్కౌట్ ని నిలబెట్టి తీశాడు. ఫేక్ న్యూస్ మన తరం కనిపెట్టిందేమీ కాదు.

తర్వాత శాంతి చర్చలు. జనరల్ కాన్బీ, పాత ఇండియన్ సూపరింటెండెంట్ మీచమ్, థామస్ అనే పాదిరీ, డైయర్ అనే ఏజెంట్. దుబాసీ టోబీ రిడిల్, కింట్‌పువాష్ బంధువే, తెల్లవాడిని పెళ్ళి చేసుకున్న మోడాక్ మహిళ. ఒకపక్క మాటలు సాగుతుంటే కాన్బీ ఇంకోపక్క శిబిరాలని కోటకి దగ్గరగా జరిపాడు. సైనికులు పట్టుకున్న మోడాక్ ల గుర్రాలు తిరిగివ్వలేదు. నాకిది చర్చల్లా అనిపించలేదు, ముట్టడిలా అనిపించింది. కోట లోపల హుకర్ జిమ్ వర్గం, సెటిలర్లని చంపినందుకు ఎలాగూ ఉరే కాబట్టి, పెద్దల్ని చంపేస్తే సైన్యం పారిపోతుందని వాదించింది. కింట్‌పువాష్ వద్దన్నాడు. అతని మీద ఆడవాళ్ళ టోపీ, శాలువా వేసి ఎగతాళి చేశారు. చివరికి ఒప్పుకున్నాడు. కుట్ర సంగతి తెలిసి టోబీ ముందే హెచ్చరించింది, అయినా వెళ్ళారు. ఏప్రిల్ 11, గుడ్ ఫ్రైడే. గుడారం ముందు కింట్‌పువాష్ కాన్బీని కాల్చాడు. పాదిరీ చచ్చిపోయాడు. మీచమ్ ని టోబీ "సైనికులొస్తున్నారు" అని అరిచి కాపాడింది. ఇండియన్ యుద్ధాలన్నిటిలో చనిపోయిన ఏకైక పూర్తి స్థాయి జనరల్ కాన్బీ.

మాటలకని పిలిచి చంపడం చంపడమే, దాన్ని నేను వీరత్వం అనను. కానీ 1852లో బెన్ రైట్ చేసింది కూడా అదే కదా? అతనికి ఆ తర్వాత ప్రభుత్వం ఇండియన్ ఏజెంట్ ఉద్యోగం ఇచ్చింది. కాన్బీ పడిన చోట మాత్రం ఇప్పటికీ తెల్లటి చెక్క శిలువ ఉంది, ఎవరు చంపారో దాని మీద రాసి మరీ.

ఏప్రిల్ 15న రెండో దాడి. ఆరొందల మంది, మోర్టార్లు. ఈసారి సైన్యం రాళ్ళని గెలవాలని చూడలేదు. పడమటి నుంచి ఒక వరస, తూర్పు నుంచి ఒక వరస ఒడ్డు వెంబడే జరుగుతూ వచ్చి కోటకీ సరస్సుకీ మధ్య కలిశాయి. అంతే. రెండున్నర రోజుల్లో అయిపోయింది. 16 రాత్రి మోడాక్ లు దక్షిణం వైపు పగుళ్ళలోంచి పిల్లాపాపల్తో సహా జారుకున్నారు. పొద్దున్న సైన్యం ఖాళీ కోట మీద దాడి చేసింది. తుపాకులకి లొంగని కోట దాహానికి లొంగింది. ఇది చదివిన రాత్రి మా ట్యాంకు మీటరులో రెండో లైటు ఆరిపోయింది, ఎవరూ జోకెయ్యలేదు.

అక్కడినుంచి యుద్ధమంతా నీళ్ళ వెంట పరుగే. సొరంగాల్లో ఐసు కరిగించుకుని తాగారు. ఏప్రిల్ 26న ఒక కొండ కింద విశ్రాంతి తీసుకుంటున్న సైనిక దళాన్ని చుట్టుముట్టి ఇరవై మందికి పైగా చంపారు. మిగిలినవాళ్ళని ఇంటికి పొమ్మని స్కార్‌ఫేస్డ్ చార్లీ కేకేశాడని చెబుతారు. మే 10న డ్రై లేక్ దగ్గర దెబ్బతిన్నారు. గుంపు చీలింది. హుకర్ జిమ్ లొంగిపోయి, క్షమాభిక్ష కోసం తన నాయకుడిని వేటాడటానికి సైన్యానికి దారి చూపించాడు. కాన్బీని చంపమని రెచ్చగొట్టినవాడే ఇతను! కింట్‌పువాష్ జూన్ 1న దొరికాడు. సైనిక విచారణ, వకీలు లేడు, సాక్షుల్లో హుకర్ జిమ్. 1873 అక్టోబర్ 3న ఫోర్ట్ క్లామత్ లో నలుగురికి ఉరి. తలలు కోసి వాషింగ్టన్ ఆర్మీ మెడికల్ మ్యూజియానికి పంపారు. వంశస్తుల చేతికి అవి వచ్చింది 1980లలో. మిగిలిన నూట యాభై మందినీ రైలెక్కించి ఓక్లహామాకి తోలేశారు. యుద్ధానికి నాలుగు లక్షల డాలర్ల పైనే అయింది. వాళ్ళడిగిన నేల కొనిచ్చి ఉంటే అందులో ఒక చిన్న ముక్క సరిపోయేది.

మరి సరస్సు ఏమైంది? 1905లో క్లామత్ ప్రాజెక్టు. డ్యాములు కట్టి, లాస్ట్ రివర్ ని వేరే దారి పట్టించి, టూలీ లేక్ ని ఎండగట్టారు. ఒకప్పుడు లక్ష ఎకరాల దాకా పరుచుకున్నది పదమూడు వేలకి దిగింది. స్ట్రాంగ్‌హోల్డ్ అంచున నిలబడి ఉత్తరానికి చూస్తే ఇప్పుడు ఆలుగడ్డ, ఉల్లి, బార్లీ పొలాలు. అందుకే అక్కడికెళ్ళిన మనిషికి ఆ కోట అర్థం కాదు. బావి పూడ్చేసిన ఇల్లు చూపించినట్టు ఉంటుంది. దగ్గర్లో పెట్రోగ్లిఫ్ పాయింట్ అనే కొండ ఉంది, ఒకప్పుడు సరస్సు మధ్య ద్వీపం. పడవల్లో వచ్చి గీసిన అయిదు వేల పైచిలుకు బొమ్మలున్నాయి దాని మీద. ఇప్పుడు కార్ పార్క్ చేసి, చుట్టూ పొలాలు చూస్తూ, నడుచుకుంటూ చూడొచ్చు.

ఎండిన సరస్సు అడుగు ఊరికే ఉండలేదు. 1942లో అక్కడే జపనీస్ అమెరికన్ల నిర్బంధ శిబిరం పెట్టారు. అన్ని శిబిరాల్లోకీ పెద్దది, ఒక దశలో 18 వేల మందికి పైగా ఉన్నారు. విధేయత ప్రశ్నాపత్రంలో జపాన్ చక్రవర్తికి విధేయత వదులుకుంటావా అని అడిగారు. వలస వచ్చిన పెద్దవాళ్ళకి అమెరికా పౌరసత్వం చట్టప్రకారం దొరకదు, ఇది వదులుకుంటే ఏ దేశమూ ఉండదు. (మనవాళ్ళదీ అదే స్థితి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదంది, 1946లో గానీ చట్టం మారలేదు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు ఒకసారి చదవండి.) ఆ ప్రశ్నలకి కాదని రాసినవాళ్ళని దేశమంతటి నుంచీ టూలీ లేక్ కి తెచ్చి పెట్టారు. 1946లో శిబిరం మూశాక, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి సరస్సు అడుగు నేలని లాటరీ వేసి పంచారు. ఆవకాయ జాడీలాంటి పచ్చళ్ళ సీసాలోంచి పేర్లు తీశారు, నిజంగానే! ఇళ్ళ కోసం శిబిరం బరాకులు కోసి ఇచ్చారు.

అలా స్థిరపడిన రైతుల మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. వాళ్ళకి దక్కిన భూమి ఎవరిదో వాళ్ళని అడగలేదు, ప్రభుత్వం ఇచ్చింది. 2001 కరువులో ఎగువ క్లామత్ సరస్సులోని చేపల్ని, కింద నదిలోని సాల్మన్ ని కాపాడాలని అదే ప్రభుత్వం పొలాలకి నీళ్ళు ఆపేసింది. వేలమంది బకెట్లు చేతులు మారుస్తూ నిరసన చేశారు. నూట పాతికేళ్ళ తర్వాత అదే చోట మళ్ళీ ఒడ్డుకీ మనిషికీ మధ్య ప్రభుత్వం నిలబడింది, ఈసారి అటువైపు ఉన్నది తెల్ల రైతులు.

ఇంకో మలుపుంది. మోడాక్ లని నది దగ్గరినుంచి వెళ్ళగొట్టడానికి వాడిన 1864 కాగితంలో, రిజర్వేషన్ లో చేపలు పట్టుకునే హక్కు మీకే అని ఒక వాక్యం ఉంది. రిజర్వేషన్ ని 1954లో కాంగ్రెస్ రద్దు చేసేసింది. కానీ చేపల హక్కు ఉందంటే చేపలకి కావలసినన్ని నీళ్ళ హక్కు కూడా ఉన్నట్టే, రిజర్వేషన్ పోయినా అది పోలేదు అని 1983లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. అమెరికా పశ్చిమాన నీళ్ళ చట్టం క్యూ పద్ధతి, ముందొచ్చినవాడికి ముందు. క్లామత్ ట్రైబ్స్ తేదీ ఏమిటని లెక్కేస్తే, 2013లో ఒరెగాన్ రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వులో తేదీ లేదు, అనాది కాలం నుంచి అని ఉంది. ఓక్లహామా నుంచి 1909 తర్వాత తిరిగొచ్చిన మోడాక్ ల వారసులు కూడా ఆ ట్రైబ్స్ లో సభ్యులే. ఆ వేసవిలో వాళ్ళు తమ హక్కు మొదటిసారి వాడుకున్నారు. ఒరెగాన్ వాటర్ మాస్టర్లు ఎగువన పశువుల మేత భూములకి పోయే కాలువల గేట్లు మూయించారు.